పాపాత్మురాలి మీద కుళ్ళు

నా చిన్నప్పుడు, తెలంగాణ కొట్లాటకు బడులు మూతపడిన ఏడు, ఎప్పుడో చచ్చిపోయిన ఒక ఆడమనిషి మీద నేను కుళ్ళుకున్నాను. నవ్వకండి. ఆమె ఐగుప్తు, అంటే ఈజిప్టు దేశపు మనిషి, ఎన్ని వందల ఏళ్ళ కిందట బతికిందో కూడా తెలియదు. అయినా ఆమె పేరెత్తితే నాకు కడుపు మండేది.

చెన్నూరు దగ్గర గోదావరి ఒడ్డున మా ఊరు. మా పెంకుల చర్చిలో భక్తుల కథలు చెప్పేది మా నాయినమ్మ. ఆమెకు అన్నిటికంటే ఇష్టం ఆ ఐగుప్తు పాపాత్మురాలి కథ. పట్నంలో ఒళ్ళమ్ముకుని బతికిన ఆమె ఒకనాడు యెరూషలేములో గుడి గడప దాటబోతే, కనబడని చెయ్యేదో అడ్డం పడిందట. అక్కడే కూలబడి ఏడ్చి, మూడు రొట్టెలు మూటగట్టుకుని, నది దాటి ఎడారికి పోయిందట. ముసలిదయ్యేదాకా ఒంటరిగా ప్రార్థనలోనే ఉండిపోయిందట. చనిపోతే సింహం వచ్చి గోరీ తవ్విందట. సింహమండీ! మన గోరీకి నక్క కూడా రాదు.

ఆ ఏడే బొగ్గుబాయిల వైపు నుంచి ఒకామె మా ఊరికి వచ్చింది. కొత్తక్క అని పిలిచేవాళ్ళం. ఆమె పాత బతుకూ అలాంటిదేనని పెద్దవాళ్ళు గుసగుసలాడేవారు, నాకేమీ అర్థమయ్యేది కాదు. చేసిన పాపాన్నీ, దేవుడు చూపిన దయనూ నలుగురిలో చెప్పుకోవడాన్ని మా దగ్గర సాక్ష్యం అంటారు. ఒక ఆదివారం కొత్తక్క ఏడుస్తూ సాక్ష్యం చెబితే చర్చి చర్చంతా ఏడ్చింది, హల్లెలూయ అంది. మా నాయినమ్మ ఆమెను చేయిపట్టి తీసుకెళ్ళి చాప మీద తన పక్కనే కూర్చోబెట్టుకుంది. అది నా చోటు! నేను పుట్టినప్పటి నుంచీ నా చోటు.

ఇక ఊరుకుంటానా? మరుసటి వారం నేనూ లేచాను. నోరు తెరిచాక గానీ తెలియలేదు, చెప్పడానికి నా దగ్గర సరుకు లేదని.

"నేనేం పాపం జెయ్యలే. గంతే," అన్నాను.

అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. హల్లెలూయ అన్న నాథుడు లేడు. ఇంటికొచ్చి నాయినమ్మ మీద పడ్డాను. "పాపం జేసినోళ్ళకేనా కథ? మంచిగున్నోళ్ళకు ఏం లేదా?"

నాయినమ్మ కోప్పడలేదు. "నీకు గూడ గసొంటి కథ గావాల్నా? దా మరి," అంది.

మర్నాడు మూడు జొన్నరొట్టెలు గుడ్డలో కట్టి నన్ను గోదావరికి తీసుకెళ్ళింది. ఎండాకాలం, నీళ్ళు ఆవలి ఒడ్డున సన్నగా పారుతున్నాయి, ఇవతలంతా ఇసుకే. "గా నడుమ కూసో. ఎవ్వలతోని మాట్లాడకు. ఉన్నవంటే వచ్చే ఆదివారం నీ కథనే చెప్త," అని ఒడ్డున తుమ్మచెట్టు కింద కూర్చుంది.

రొట్టెలు ముందే అయిపోయాయి. పొద్దెక్కేకొద్దీ ఇసుక కాలింది, నాలుక పిడచకట్టింది. ఎవరూ పలకరించకపోవడం ఎండ కంటే బాధగా ఉంది. అయినా లేవలేదు, పంతం.

ఇంతలో కొత్తక్క వచ్చింది. నాయినమ్మతో ఏదో మాట్లాడి, తిన్నగా ఇసుకలోకి నడిచి వచ్చి నా నెత్తి మీద కొంగు పట్టింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "పో! గిది నా ఎడారి! గీడ గూడ వస్తవా?" అని అరిచాను.

ఆమె పోలేదు. నా పక్కన కూర్చుంది. "నీ మీద నాకెంత కుళ్ళో నీకెరుకేనా బిడ్డా?" అంది మెల్లగా. "పొద్దుగాల్ల మీ నాయినమ్మ నీ జడ అల్లుతుంటె చూడలేక మొకం తిప్పుకుంట. నీయంత ఉన్ననాడు నన్ను ఇంటికి రమ్మని పిలిచేటోళ్ళు ఒక్కలున్నా, నేను గీ కథల పడకపోదును."

నా మీద కుళ్ళా? నా దగ్గర ఏముందని?

సరిగ్గా అప్పుడే ఒడ్డు మీది నుంచి నాయినమ్మ కేకేసింది. "ఓ పోరీ! ఎండ గొడ్తది, ఇంటికి రావే!"

రోజూ వినే కేకే. కానీ దానికి నా కంటే ముందు కొత్తక్క తల తిప్పింది. తనను కాదని తెలిసి మళ్ళీ ఇసుకలోకి చూసింది. ఆ ముఖం చూశాక నాకు లేవబుద్ధి కాలేదు. కుళ్ళు పోయిందా అంటే పోలేదు, అబద్ధమెందుకు? అయినా గొంతు చించుకుని అరిచాను. "నాయినమ్మా! అక్కను గూడ పిలువు!"

నాయినమ్మ లేచి ఇసుక అంచుదాకా వచ్చింది. మళ్ళీ కేకేసింది. "నువ్వు గూడ రావే బిడ్డా! అంబలి పోసి పెట్టిన, ఇంటికి రా!"

కొత్తక్క లేవలేకపోయింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఆ కాలే ఇసుకలోనే కూర్చుని ఏడ్చింది. చర్చిలో ఏడ్చిన ఏడుపు కాదది. నేనే చెయ్యి పట్టుకుని లేపాను.

ఇప్పుడు నేనూ నాయినమ్మనయ్యాను. కుళ్ళుబోతు బుద్ధి ఇంకా ఉంది, పక్కింటావిడ కొత్త చీర కడితే ఇవ్వాళ్టికీ నిద్ర పట్టదు. కానీ పొద్దుగూకే వేళ వాకిట్లో నిలబడి పిల్లల్ని ఇంటికి కేకేస్తాను. మా మనవల పేర్లయ్యాక, వీధిలో ఇంకా ఆడుకుంటున్న, ఎవరూ పిలవని పిల్లల పేర్లు కూడా.