టీచరమ్మ ఎక్కలేదని ఆగిన బండి

మా లైను మనుషుల కోసం వేసింది కాదు. నిజాం కాలంలో బొగ్గు కోసం వేశారు. మనుషులం తర్వాత ఎక్కాం, ఆ సంగతి బండి మాకు రోజూ గుర్తుచేసేది. బొగ్గు బండి వస్తోందంటే మా ప్యాసింజరు పక్క పట్టాల మీదికి తప్పుకోవాల్సిందే. బొగ్గుకున్న మర్యాదలో సగం మాకుంటే నా జుట్టు ఇంత తొందరగా నెరిసేది కాదు.

మానుకోట దగ్గర ఉండి, రోజూ ఆ బండిలోనే వెళ్లి, ఆ లైన్లో ఒక చిన్న స్టేషను ఊళ్లో టెంపరరీ టీచరుగా చేసేదాన్ని. ఒంటి లైను. ఇనుప గుండు పెట్టిన తోలు సంచిని ఒక రింగుకు తగిలించి స్టేషన్ మాస్టరు ఇచ్చేవాడు. టోకెను అంటారు దాన్ని. అది చేతికందితే గాని డ్రైవరు బండి కదిలించకూడదు. ఈ కిటుకు రోజూ నాతో ప్రయాణం చేసే మా రెండో డబ్బా వాళ్లకు కంఠతా వచ్చు. మాలో ఎవరైనా రావడం ఆలస్యమైతే, ఒకరు వెళ్లి మాస్టరును మాటల్లో పెట్టేవారు. టోకెను ఆయన బల్ల మీదే ఉండేది, బండి మాకోసం ఆగేది. తండా నుంచి కూరగాయలు తెచ్చి గనుల ఊళ్లో అమ్మే అవ్వ ఈ పనిలో ఆరితేరింది.

పర్మనెంటు పోస్టుకు ఇంటర్వ్యూ వచ్చింది, లైను చివర ఉన్న గనుల ఊళ్లో. జనగామలో చదువుకునే రోజుల్లో, అరవై తొమ్మిది ఉద్యమంలో నాకొక ఏడాది పోయింది. ఇప్పుడు వయసు దాటిపోతోంది, ఇదే ఆఖరు అవకాశం. భూపాలపల్లి అడవుల్లో వేసినా పోయేదాన్ని.

ఆ పొద్దున ముందే వచ్చి, కాస్త చదువుకుందామని చివరి డబ్బాలో కూర్చున్నాను. రెండో డబ్బాలో కూర్చుంటే పుస్తకం తెరవనిస్తారా? టైమైంది. బండి కదల్లేదు. ఎవరో మహానుభావులు ఇంకా రాలేదన్నమాట. వాళ్లను మనసులో తిట్టీ తిట్టీ అలసిపోయి, చివరికి కిటికీలోంచి గార్డును అడిగాను.

"ఎవరో టీచరమ్మ రావాల్నట. ఇంటర్వ్యూ ఉన్నదట పాపం," అన్నాడు.

నా ఒళ్లు మండిపోయింది. దూకి ప్లాట్‌ఫారం మీద పరుగెత్తాను. మాస్టరు గది గుమ్మానికి అడ్డంగా వంకాయల గంప పెట్టుకుని కూర్చుంది అవ్వ.

"అగో, వచ్చింది! నే చెప్పలే సారూ, వస్తదని!" అంది.

"నేను బండిలనే ఉన్న అవ్వా!" అని అరిచాను. ఎవరికీ వినపడలేదు. అందరూ నన్ను చూసి నవ్వుతున్నారు, గెలిచినట్టు.

మాస్టరు తల పట్టుకున్నాడు. ఇంతసేపు వీళ్లతో వేగలేక ఎదుటినుంచి వచ్చే బొగ్గు బండికి లైనిచ్చేశాడట. అది వచ్చి దాటితేగాని మాకు టోకెను లేదు. ఎక్కడిదో బొగ్గు తీరిగ్గా, దర్జాగా మా ముందునుంచి పోయింది. నేను ఏడ్చాను.

గనుల ఊళ్లో నేను ఆఫీసు మెట్లెక్కేసరికి సార్లు జీపెక్కుతున్నారు. అయిపోయిందమ్మా, అన్నారు. అంతే, అయిపోయింది.

సాయంత్రం బండిలో ఎవరి మొహమూ చూడదలుచుకోలేదు. మళ్లీ చివరి డబ్బాలోనే మూలకు కూర్చున్నాను. టైమైంది. సిగ్నల్ పడింది. బండి కదల్లేదు. ఎందుకో నాకు వెంటనే అర్థమైంది. ఎంత కోపమొచ్చిందంటే, నవ్వు కూడా వచ్చింది. సంచీ తీసుకుని దిగి రెండో డబ్బా దాకా నడిచాను.

"జరుగున్రి, టీచరమ్మను కూసోనియ్యున్రి," అని అవ్వ తన ఖాళీ గంపను ఒళ్లోకి తీసుకుంది. కిటికీలోంచి తల బయటపెట్టి, "వచ్చింది సారూ, ఇయ్యి!" అని మాస్టరుకు కేకేసింది. తర్వాత నావైపు తిరిగింది. "మంచిగైందా బిడ్డా? పొద్దుగాల బండిని ఎంత కష్టపడి ఆపినమో!"

తిట్టాలని దాచుకున్న మాటలన్నీ నోటిదాకా వచ్చాయి. "ఇంటర్వ్యూ అందలే అవ్వా," అన్నాను.

"అయ్యో," అని ఆమె నా చెయ్యి పట్టుకుంది. బండి కదిలింది.