లాభం, రెండు, మూడు

నా సర్వీసు మొత్తంలో నేను చేసిన అతి తెలివైన పొరపాటు ఒకటుంది. అది అందరికీ చేతకాదు. దానికి ఆదోనిలో కిరాణా కొట్లో పుట్టి, గల్లాపెట్టె పక్కన పెరిగి ఉండాలి. కరోనా తర్వాత అంగన్‌వాడీ కేంద్రాలు మళ్ళీ తెరిచిన ఏడాది, ఎండలు తగ్గీ తగ్గగానే, నన్ను ఎమ్మిగనూరుకు సెక్టార్ సూపర్వైజరుగా బదిలీ చేశారు. సెక్టారంటే పాతిక దాకా కేంద్రాలు. పిల్లల బరువు, తిండి, చదువు సరిగ్గా ఉన్నాయా అని తిరిగి చూడడం మా పని.

చేనేత కాలనీ కేంద్రం మొదటిరోజే నా నెత్తిన పడింది. పిల్లలకు ఏమీ రావడం లేదని పైనుంచి మాట. తనిఖీలో మెరుగు కనబడకపోతే మూడేళ్ళు దాటినవాళ్ళందరినీ పెద్దరోడ్డు అవతలి కేంద్రంలో కలిపేస్తారు. తెల్లారితే తల్లులు కూలికి పోతారు, తండ్రులు మగ్గం గుంటలో ఉంటారు. లారీలు పోయే ఆ రోడ్డు దాటించి దిగబెట్టే మనిషి ఏ ఇంట్లోనూ లేదు. కలపడమంటే ఆ పిల్లల చదువు ఆగడమే. వర్కరు మాబున్ని ఈ సంగతి నాకంటే ముందే గ్రహించి, సగం చిక్కిపోయి ఉంది.

పిల్లలు గోడ మీది చార్టు చూసి ఇరవై దాకా పాటలా అప్పజెప్పేవారు. నాలుగు చింతగింజలు పెట్టి ఎన్ని అంటే మళ్ళీ ఇరవై దాకా పాడేవారు. చార్టు తీయించేశాను. మగ్గాల కింద రాలిన రంగు దారాలతో అక్షరాలు పేర్పించాం. నీళ్ళ తొట్టిలో వేసేముందే దారం చుట్టే కండె తేలుతుందా, రాయి తేలుతుందా అని చెప్పించేవాళ్ళం. దీన్ని శిక్షణలో ఊహించడం అంటారు. పిల్లలు పందెం అనేవారు. లెక్కకు మాత్రం పావుసేరు, చాటెడు జొన్నలు తెచ్చి, మా నాయన కొట్లో కొలిచినట్టే నేనే కొలిచి చూపించాను.

కొట్లో కొలిచేవాళ్ళు మొదటి కొలతను ఒకటి అనరు, లాభం అంటారు. ఏడు అంటే ఏడుపు తగులుతుందని ఆరున్నొకటి అంటారు. అలవాటు కొద్దీ నా నోట అదే వచ్చింది. కొన్నాళ్ళకు పిల్లలు నిజంగానే ఎంచడం నేర్చారు. అయితే మా నాయన అంకెలతో.

"మేడం, పిల్లోళ్ళు లాభం లాభం అంటాండారు. దిద్దేదా?" అని మాబున్ని అడిగింది.

"ఉండనీలే. ఆ లెక్కతోనే మా నాయన ముగ్గురాడపిల్లల్ని సదివించినాడు" అన్నాను. ఇదే నేను చెప్పిన పొరపాటు.

తనిఖీకి వచ్చిన జిల్లా అధికారి గోదావరి వైపు మనిషి. దారం అక్షరాలు ఒకసారి చూశారు. ఐదేళ్ళ ఈరమ్మను పిలిచి చాప మీద గులకరాళ్ళు పోశారు.

ఆ పిల్ల ఒక్కో రాయినీ పక్కకు జరుపుతూ, "లాభం, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు, ఆరున్నొకటి. అయిపోయినాయి సార్" అంది.

ఆయన పెన్ను మూత తీశారు. నేను కొట్టు మర్యాద వివరించబోయాను.

"లాభం అనే అంకె ఏ పుస్తకంలో ఉందండీ? రేపు ఒకటో తరగతిలో ఒకటి వెయ్యమంటే ఈ పిల్ల ఏం వేస్తుంది?"

మాబున్ని గోడకు ఆనుకుంది. ఆయా వంట వదిలేసి గుమ్మంలో నిలబడింది. బేరంలో ఎదుటివాడు లేచిపోతుంటే మాట పెంచకూడదు, సరుకు చూపించాలి. ఇంకొక్కటి అడగమని, ఏం అడిగినా సరేనని బతిమాలాను.

ఆయన ఒక రాయి తీసి గుప్పిట్లో పెట్టుకున్నారు. "ఇప్పుడెన్ని?"

"ఆరు."

"ఎంచకుండా ఎలా చెప్పావు?"

"ఆరున్నొకటి గదా ఉండేది. ఆ ఒకటి నీ సేతిలో ఉండాది."

"ఒకటి తెలుసన్నమాట. మరి ఇందాక లాభం అన్నావే?"

"కొలిసేటప్పుడు లాభమనాల. నువ్వు తీసుకుంటివి. అది లాభమెట్లయితాది సార్?"

ఆయా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన కూడా నవ్వారు. బేరం తెగిందనుకున్నాను.

నవ్వు తగ్గాక ఆయన ఖాజా అనే పిల్లవాణ్ణి పిలిచారు. వాడూ ఏడు రాళ్ళు తప్పులేకుండా ఎంచాడు. ఏడు అంకె ఉన్న కార్డు చూపిస్తే నా ముఖం చూశాడు. ఒకటి చూపిస్తే "కట్టె" అన్నాడు. ఈరమ్మకు చూపించినా అంతే, తల గోక్కుంది. చార్టు తీయించింది నేనే. తీశాక రాసిన అంకె వాళ్ళ కంటికి మళ్ళీ ఆనలేదు. ఈసారి చూపడానికి నా దగ్గర సరుకు లేదు. ఆ మాట ఆయనతోనే చెప్పి గడువు అడిగాను. దసరా దాకా అడిగితే చవితి దాకా ఇచ్చారు.

"నేను ఆ పొద్దే సెప్తి గదా మేడం" అంది మాబున్ని, జీపు మలుపు తిరగ్గానే. చార్టు మళ్ళీ తగిలించాం, ఈసారి పిల్లల కంటి ఎత్తులో. ప్రతి అంకె కింద అన్ని గింజలున్న గుడ్డ సంచి కట్టాం. కొట్లో లాభం, బడిలో ఒకటి అని రెండు పేర్లూ చెప్పించాం. రెండోసారి వచ్చినప్పుడు ఆయన అడిగినవన్నీ పిల్లలు చెప్పారు. విలీనం ఆగింది.

ఇంటి మాటతో పిల్లలకు ఎంచడం వస్తుంది. రాసిన అంకె దానంతట అది రాదు. దాన్ని కూడా అదే గింజల పక్కన పెట్టి చూపించాలి. ఈ వృత్తిలో నాకు అర్థమైంది అంతే.

ఇక ఖర్చు. నాకు సంజాయిషీ నోటీసు వచ్చింది, జవాబిచ్చాను. దాన్ని లెక్కలో వెయ్యను. మొదటి తనిఖీ సంగతి కాలనీలో పాకాక, నలుగురూ నవ్వుతున్నారని ఇద్దరు తల్లులు పిల్లలను అప్పు చేసి ప్రైవేటు ఎల్‌కేజీలో వేశారు. వాళ్ళలో ఖాజా తల్లి ఒకరు. ఇంటికి పోయి కూర్చుని అడిగాను, టీ ఇచ్చింది గానీ పిల్లవాణ్ణి పంపలేదు. కేంద్రం నిలిచింది, ఇద్దరు పిల్లలు పోయారు. మాబున్ని అడిగిన రోజే దిద్దించి, చార్టు మళ్ళీ తగిలించి ఉంటే కేంద్రమూ నిలిచేది, ఆ ఇద్దరూ అక్కడే ఉండేవారు.