గల్లీ చుట్టూ తిరిగి వచ్చిన పైపు

మా వదిన పోయిందన్న కబురు మనుషులకంటే ముందు మా పొయ్యి చెప్పింది. పొద్దున చాయ్ పెడదామని గోబర్ గ్యాస్ వెలిగిస్తే మంట గిన్నె అంచులు దాటి లేచింది. మా గల్లీ గ్యాస్ సంఘంలో ఒకే పైపు మీద మిగిలినవి రెండే పొయ్యిలు, ఆమెది, నాది. నాది ఇంతగా మండుతోందంటే ఆమెది వెలగలేదన్నమాట. ఇంకా లేవలేదేమో అనుకుంటుండగానే బర్రెల భాయ్ గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు. చేతిలో పాల క్యాను లేదు. "వదిన పోయింది అన్నా," అన్నాడు.

వదిన అంటే చుట్టరికం కాదు. యాకుత్‌పురా స్టేషన్‌లో పనిచేసిన ఆమె భర్తను నేను అన్నా అనేవాణ్ణి. అట్లా ఆమె నాకు వదిన, తరువాత లాల్‌దర్వాజాలోని మా గల్లీకంతా వదిన.

గల్లీ మొదట్లో భాయ్ బర్రెల కొట్టం. ఆ పేడతో అందరి వంటా అవుతుందని తెలిసి సంఘం పెట్టుకున్నాం. ఏ సేటో అమ్మే గ్యాస్ కాదది. గుంత మాది, గ్యాస్ నిండితే గుంతలో పైకి తేలే ఇనుప డ్రమ్ము మాది, పేడ కలిపే వంతు మాది. పైపు వేసే రోజు మాత్రం పెద్ద లొల్లి. డ్రమ్ముకు దగ్గరైతే మంట బాగుంటుందని అందరికీ మొదటి పొయ్యే కావాలి. వదిన ఇల్లు గుంత పక్కనే, న్యాయంగా మొదటిది ఆమెదే. ఆమె ఏమో పైపును గల్లీ అంతా తిప్పి ఆఖరున తన ఇంటికి తెమ్మంది. మేస్త్రీ ఆమెకు మతి చెడిందనుకున్నాడు. మతి ఉన్నవాళ్లమని మేమంతా నమ్మే రోజులవి.

"నా పొయ్యి అంటుకున్నదంటే అందరియి అంటుకున్నట్టే గద," అంది. "ఇంటింటికి పోయి అడిగే పని తప్పుతది."

ఇక్కడ నా సంగతి ఒక ముక్క. నేను బడి మొహం ఎక్కువ చూడలేదు. అఫ్జల్‌గంజ్ కిరాణా కొట్టులో పొట్లాలు కడుతూ, పాత పుస్తకాల్లోంచి చింపిన ఆ కాగితాల మీదే చదువు నేర్చుకున్నాను. అందుకే నాకు కథల నడుములే తెలుసు, చివరలు తెలియవు. వదిన కథ చివర కూడా నాకు సరిగా చెప్పొస్తుందని అనుకోను.

ఎవరైనా గ్యాస్ మీద స్నానాల నీళ్లు కాచుకుంటే ముందు ఆరిపోయేది ఆమె పొయ్యే. ఆమె కొట్లాడేది కాదు. సగం ఉడికిన అన్నం గిన్నె బట్టతో పట్టుకుని గల్లీలోకి బయలుదేరేది. ఏ ఇంట్లో మంట ఎత్తుగా ఉందో ఆ ఇంట్లోకి పోయి, వాళ్ల గిన్నె దించి తనది పెట్టి, పీట లాక్కుని కూర్చునేది. "ఉడకనియ్యి బిడ్డా, నాకేం తొందర లేదు," అనేది. ఒకరి వంటింట్లో ఒకరు అడుగు పెట్టని గల్లీ మాది. ఆ గిన్నె వెనకాలే పోయి ఒకరి వంటిళ్లు ఒకరం చూసుకున్నాం.

ఒక చలికాలం గ్యాస్ బాగా తగ్గింది. చలికి పేడ పులియదు. గుడి పంతులుగారు మా సంఘానికి అధ్యక్షులు. చెడ్డవారు కాదు, ఇంటినిండా జనం. ఎండలు వచ్చేదాకా చివరి ఇళ్లకు పైపు కోసేద్దామని మీటింగులో అన్నారు. ముందరి ఇళ్లవాళ్లు తలలూపారు. చివరి ఇళ్లలో మాదీ ఉంది, అన్నిటికంటే చివరిది వదినది.

తెల్లారి వదిన గిన్నెతో నేరుగా పంతులుగారి వంటింటికి నడిచింది. పరాయివాళ్లెవరూ దాటని గడప అది. వెనకాలే నేనూ పోయి వసారాలో ఆగాను. పంతులుగారు మడిబట్టతో నిలువునా బిగుసుకుపోయారు.

"ఏందమ్మా ఇది?"

"రేపటిసంది నాకు గిదే పొయ్యి గద బాపూ. గందుకే అలవాటు చేసుకుంటున్న."

ఆయన భార్య తన పప్పుగిన్నె దించి పక్కన పెట్టింది. పైపు కోసే మాట మళ్లీ రాలేదు. పంతులుగారు ఆ చలికాలమంతా చన్నీళ్లే పోసుకున్నారని వాళ్ల పనిమనిషి చెప్పగా విన్నాం.

తరువాత సిలిండర్లు వచ్చాయి. పంతులుగారిల్లు ముందు, ఆ వెనక ఒక్కొక్కటీ పైపు విప్పించుకున్నాయి. తగాదా పడితే వదిన గిన్నెతో పోయి కూర్చునేదే. ఎవరూ తగాదా పడలేదు, నవ్వుతూ నమస్కారం పెట్టి పోయారు. ఇళ్లు తగ్గినకొద్దీ ఆమె మంట పెరిగింది. ఒకరోజు దాన్ని చూస్తూ, "మంట మంచిగనే ఉన్నది మరిదీ," అంది. "ఎవరింటికన్న పోదామంటే సాకు దొరుకుతలేదు." నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. జ్వరంలోనూ పేడ కలపడం మాత్రం మానలేదు.

దినాలు అయ్యాక భాయ్ గుంత దగ్గరికి పిలిచాడు. డ్రమ్ము నిండుగా పైకి తేలి ఉంది.

"ఒక్క పొయ్యి కోసం ఎన్నాళ్లు నడుపుదం అన్నా? పూడ్చేద్దమా?"

కొంచెం ఆగమన్నాను.

మరునాడు బియ్యం పెట్టాను. మంట ఏపుగా ఉంది, ఇంకాసేపుంటే అన్నం బ్రహ్మాండంగా ఉడికేది. సగంలో దించి, పొయ్యి ఆర్పి, గిన్నె బట్టతో పట్టుకుని గల్లీలోకి నడిచాను. పంతులుగారి తలుపు మూసి ఉంది. లోపల సిలిండరు పొయ్యి బుస్సుమంటోంది. రెండు చేతులూ గిన్నెకే సరిపోయాయి, కాలితో తలుపు తట్టాను. బట్టలోంచి వేడి అరచేతులకు ఎక్కుతోంది.