కరెంటు తొక్కిన సైకిలు

కోడూరు దగ్గర పల్లెలో కల్లుగీసే వెంకటాద్రి తాడిచెట్టు మీంచి పడ్డది రెండువేల రెండులో. ప్రాణం దక్కింది గానీ నడుము కింద ఏదీ దక్కలేదు. అప్పట్నించీ అతన్ని లేపి కూర్చోబెట్టేదీ, పక్కకి తిప్పేదీ, పుండ్లు పడకుండా వీపు తుడిచేదీ భార్య నాంచారమ్మే. చూస్తే బక్కమనిషి. ఊళ్లోవాళ్లు ఆమె ఓర్పుని మెచ్చుకుంటుంటే ఒళ్లు మండేది. ఓర్పూ లేదు, పాడూ లేదు. వేరే దారి లేక చేస్తోంది.

ఏడాది తిరిగాక బందరులో ఒక ఆస్పత్రికి కరెంటు సైకిలు వచ్చిందని తెలిసింది. మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, పాదాలు పెడళ్లకు కట్టి, తొడలకీ పిక్కలకీ బిళ్లలు అంటించి సన్నగా కరెంటు పంపుతారు. కండ ముడుచుకుంటుంది, కాలు తొక్కుతుంది. మొదటిరోజు ఆ చచ్చిన కాళ్లు మెల్లగా తిరుగుతుంటే నాంచారమ్మ వంగి వాటినే చూస్తూ ఉండిపోయింది. వెంకటాద్రి చంటిపిల్లాడిలా నవ్వాడు. ఆ నవ్వే కొంప ముంచింది.

ఆస్పత్రిలో ఆ సైకిలు తొక్కించే ఎలీసబెతు దాచిందేం లేదు. "కండ కరిగిపోకుండా ఉంటుంది, కాళ్లు బిగుసుకుపోవు, పుండ్లు తగ్గుతాయి. నడక మాత్రం రాదండీ" అని మొదటే చెప్పింది. వెంకటాద్రి బుద్ధిగా తలూపాడు. కానీ చెట్టెక్కేవాళ్ల లెక్క వేరు. మనిషి ఎక్కగలడో లేదో వాళ్లు పిక్క పట్టుకు చూసి చెప్పేస్తారు. సైకిలు మీద కూర్చునేకొద్దీ అతని పిక్క గట్టిపడసాగింది. పొద్దున్నే నొక్కి చూసుకుని, "చూడవే, రాయిలా లేదూ? వచ్చే సీజనుకి నేనే ఎక్కుతా" అనేవాడు.

అతని వంతు చెట్లు కత్తి తగలకుండా పడున్నాయి. తమ్ముడు సాంబయ్య, తాను గీస్తానని, వచ్చినదాంతో రెండిళ్లూ బతుకుతాయని బతిమాలాడు. తన చెట్టుకి ఇంకొకడు మోకు వేసి ఎక్కడానికి వీల్లేదన్నాడు వెంకటాద్రి. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు అనే రకం. నాంచారమ్మ ఊడ్పులకీ కోతలకీ కూలికి వెళ్తూ, మధ్యలో రెండు బస్సులు మారి అతన్ని బందరు తీసుకెళ్తూ ఒక సీజను ఈడ్చింది. రెండోది వచ్చేసరికి, ఈసారీ కాదంటే హైదరాబాదు పోయి కూలి చేసుకుంటానన్నాడు సాంబయ్య. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డమంటే అదే. అతనూ వెళ్లిపోతే ఆ ఇంటికి ఆసరా ఎవరు?

ఆ వారం బందరు బస్టాండులో అతన్ని దింపుతుంటే ఆమె మోకాలు మడతపడి ఇద్దరూ కూలబడ్డారు. ఎవరో లేపారు.

"ఇంకెన్నాళ్లులేవే. నేను లేచాక నిన్ను కాలు కింద పెట్టనిస్తే చూడు" అన్నాడు వెంకటాద్రి.

ఆమెకి కోపం కూడా రాలేదు. కోపానికీ కాస్త సత్తువ ఉండాలి.

ఆస్పత్రిలో సైకిలు మొదలైంది. కాళ్లు తిరుగుతున్నాయి. "సాంబడు పోతే పోనీ, నా చెట్లు నాకు..." అని అతను మొదలెట్టాడు. నాంచారమ్మ లేచి వెళ్లి కరెంటు పెట్టె స్విచ్చి కట్టేసింది. కాళ్లు ఆగిపోయాయి.

"తొక్కు మావా" అంది.

"పిచ్చా ఏంటే నీకు?"

"పిక్క గట్టిపడిందన్నావుగా. ఒక్క చుట్టు తొక్కు. తొక్కావంటే సాంబయ్యని నేనే పొమ్మంటా."

ఎలీసబెతు వద్దనబోయి ఊరుకుంది. వెంకటాద్రి కుర్చీ చేతులు పట్టుకుని బిగబట్టాడు. మెడ నరాలు తేలాయి, ముఖం కందిపోయింది. పెడలు కదల్లేదు. మళ్లీ ప్రయత్నించాడు. పరాయి మనిషి ముందు మొగుణ్ణి ఇలా నిలబెట్టినందుకు నాంచారమ్మకి చచ్చిపోవాలనిపించింది. కింద కూలబడి, అతని కాళ్లు రెండూ వాటేసుకుని ఏడ్చింది.

అతను కళ్లు మూసుకున్నాడు.

"నాంచారీ, కాళ్లు పట్టుకున్నావా, వదిలేశావా?"

"పట్టుకునే ఉన్నా మావా."

"నాకు తెలవట్లేదే" అన్నాడు.

పడ్డనాటి నుంచి ఆ మాట అతని నోట రావడం అదే మొదలు. ఆమె ఇంకా గట్టిగా పట్టుకుంది. అతను కళ్లు తెరవకుండానే, "సాంబణ్ణి రేపట్నించి ఎక్కమను" అన్నాడు.