ముల్లు మైనస్‌కి పోకూడదు

ఇప్పటి కార్లలో ఏది చెడినా ఒక బొమ్మ వెలిగి చెబుతుంది గానీ, ఎనభైల్లో మా ఆగిరిపల్లిలో కారు ఆరోగ్యం దాని మూలుగుని బట్టే తెలుసుకునేవాళ్లం. మా పెదనాన్న కారు గుండ్రటి ముక్కుది, వయసులో నాకంటే పెద్దది. చెప్పాపెట్టకుండా బ్యాటరీ పడుకోవడం దాని అలవాటు. ఓసారి కొత్త వియ్యంకుల ముందే పడుకుంది (పట్టుచీరతో ఉన్న వియ్యపురాలు కూడా ఒక చెయ్యి వేసి తోయాల్సొచ్చింది). ఆ అవమానంతో పెదనాన్న నన్ను పిలిచాడు. నేనప్పుడే ఐటీఐ పూర్తిచేసి, ఆటో ఎలక్ట్రికల్ షాపు పెట్టాలని ఉవ్విళ్లూరుతున్నాను. "ఒరేయ్, బ్యాటరీ సంగతి ముందే చెప్పే మీటరేదో ఉందంటగా, అది బిగించు. బాగా పనిచేస్తే రోడ్డు మీది గది నీకిస్తా, షాపు పెట్టుకో" అన్నాడు. ఆ గది కోసం నేను కారునే మోసుకు తిరగమన్నా తిరిగేవాణ్ణి.

బెజవాడ వెళ్లి ఆంపియర్ మీటరు తెచ్చాను. డ్యాష్‌బోర్డు కింద వెల్లకిలా పడుకుని, తుప్పు నోట్లో రాలుతుండగా, బ్యాటరీ నుంచి వచ్చే లావు వైరు కోసి మధ్యలో మీటరు కలిపాను (సక్రమంగానే కలిపాను సుమండీ). "ముల్లు ప్లస్ వైపుంటే బ్యాటరీ ఎక్కుతున్నట్టు, మైనస్ వైపుంటే ఖర్చవుతున్నట్టు" అని మహా గొప్పగా పాఠం చెప్పాను. పెదనాన్న శ్రద్ధగా విన్నాడు. కొంప అక్కడే మునిగింది.

మర్నాడు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నూజివీడు బయలుదేరాడు. మామిడి సీజను, రోడ్డంతా కాయల బళ్లు. పెదనాన్న మాత్రం రోడ్డు చూడటంలేదు, ముల్లు చూస్తున్నాడు. వేగంగా పోతే అది ప్లస్‌లో ఉంటోందని కనిపెట్టి, ఏనాడూ సైకిలుని దాటని మనిషి బస్సుని దాటేశాడు. హారన్ కొడితే వెనక్కి ఊగిందని హారన్ మానేశాడు. మలుపు తిరగ్గానే కాయలు ప్యాక్ చేసే పాక, దాని ముందు వరిగడ్డి కుప్ప, పక్కనే గంప ఎత్తుకుంటున్న మనిషి. "బ్రేకు, పెదనాన్నా, బ్రేకు!" అని అరిచాను. "ఉండరా! బ్రేకు తొక్కితే వెనక లైటు వెలుగుద్ది, ముల్లు మైనస్‌కి పోద్ది!" అన్నాడు. నిర్ఘాంతపోయాను. ఆ క్షణంలో నాకు గది కాదు, జైలు కనబడింది. ఆ మనిషి గంప వదిలేసి పక్కకి దూకాడు, కారు బానెట్టు దాకా గడ్డిలో దూరి ఆగింది. గంప మనిషి లేచి గడ్డి దులుపుకుని, "ఏంటండీ పెద్దయ్యగారూ, హారనైనా కొట్టరేంటండీ!" అన్నాడు. పెదనాన్న మీటరు వైపు వంగి, "సున్నా దగ్గరుందిరా, నష్టం లేదు" అన్నాడు. అప్పుడు రెండోసారి నిర్ఘాంతపోయాను.

ఇంటికొచ్చాక తీర్పు చెప్పాడు. "మీటరు మంచిదే. బ్రేకు తొక్కితే మాత్రం ఖర్చవకూడదు. అది సరిచేస్తేనే గది." ఆయనకి విద్యుత్తు గురించి ఇంక ఒక్క ముక్క కూడా చెప్పే ధైర్యం లేక, బ్రేకు లైటుకీ హారన్‌కీ పోయే వైర్లు విప్పి, మీటరుతో పనిలేకుండా నేరుగా బ్యాటరీకే కలిపేశాను. మళ్లీ పక్కన కూర్చున్నాను, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని. పెదనాన్న వేగంగా పోతూ, అనుమానంగా బ్రేకు మీద కాలు ఆనించాడు. ముల్లు వెనక్కి పోలేదు సరికదా, ప్లస్ వైపు ఒక పిసరు జరిగింది (లైటు తిన్న కరెంటుని ఇంజను దగ్గరి డైనమో మీటరు మీదుగా బ్యాటరీకి పూడుస్తోంది, అంతే)! "ఒరేయ్! బ్రేకు తొక్కితే ఎక్కుతోందిరా!" అని కళ్లనీళ్లు పెట్టుకున్నంత పని చేశాడు. ఆ రోజు కోడికి తొక్కాడు, కుక్కకి తొక్కాడు, ఎవరూ లేని రోడ్డు మీద ఊరికే తొక్కాడు. నడిరోడ్డు మీదే జేబులోంచి గది తాళం తీసి నా చేతిలో పెట్టాడు.

ఆ గదిలోనే నా తల నెరిసింది. పెదనాన్న పోయాడు, తలుచుకుంటే ఇప్పటికీ బెంగగా ఉంటుంది. ఇప్పుడు మా అబ్బాయి కారు నడుపుతుంటే, పక్కన కూర్చున్న నేను మలుపు మలుపుకీ కుడికాలితో లేని బ్రేకుని తొక్కుతుంటాను. "నాన్నా, అక్కడ ఏమీ లేదు" అని వాడు నవ్వుతాడు. నేనూ నవ్వుతాను గానీ, కాలు మాత్రం తియ్యను.