బాపు గ్లాసు, పసుపు దుమ్ము

ఆ రోజు పసుపు డ్రమ్ము తిరుగుతోంది. ఉడికించి ఎండబెట్టిన కొమ్ముల పొట్టు రాలడానికి తిప్పే పెద్ద ఇనుప డ్రమ్ము అది. కళ్లం ఆ చివర ఉన్న తమ్ముణ్ని పిలవబోయాను. పేరు సగంలో ఉండగానే ఊపిరి అయిపోయింది.

మాది నవీపేట్ దగ్గర పసుపు సాగు. అప్పటికే నెల రోజులుగా దగ్గు. మూతికి బట్ట కట్టుకుంటానంటే తమ్ముడు నవ్వాడు. "పసుపు మందే గదక్కా, లోపటికి పోతే మంచిదే." నాకూ నిజమే అనిపించింది. పైగా రోజూ పసుపు పాలు తాగాను.

ఊళ్లో ఆస్తమా అన్నారు. నిజామాబాద్‌లో టీబీ టెస్ట్ చేస్తే నెగెటివ్. సీటీ స్కాన్ చూసిన డాక్టరమ్మ మాత్రం ఏం పని చేస్తావని అడిగింది. చెప్పాను.

"హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్. ఆ దుమ్ముకు, అందులో ఉండే బూజుకు మీ లంగ్స్ వాస్తున్నాయి."

స్టెరాయిడ్ మాత్రలతో తేరుకున్నాను. బాగైంది కదా అని మళ్లీ డ్రమ్ము దగ్గరికే పోయాను. మూడో రోజు జ్వరం, ఆయాసం. వారం ఆక్సిజన్ మీద ఉన్నాను. ఈసారి స్కాన్‌లో మచ్చలు. "ఇవి పోవు" అంది డాక్టరమ్మ. ఇంకెవరి గురించో చెబుతున్నట్టు విన్నాను.

తమ్ముడు ఊరుకోలేదు. "నేను గూడ గా దుమ్ములనే ఉంట మేడం. నాకేం కాలే, అక్కకెట్లొచ్చింది?"

"అందరికీ రాదు. కొందరికి పుట్టుకతోనే జీన్స్‌లో తేడా ఉండొచ్చు. ఇంట్లో ఎవరైనా దగ్గుతో పోయారా?"

మా నాన్న, మేము బాపు అంటాం, ఏళ్ల తరబడి ఇదే డ్రమ్ము తిప్పి దగ్గి దగ్గి పోయాడు. బీడీ ముట్టని మనిషి. టీబీ అని మాకు మేమే అనుకుని ఆయన గ్లాసు వేరుగా పెట్టాం. నాకు ఆ గ్లాసు కళ్ల ముందుకు వచ్చింది. ఏడుపు మాత్రం రాలేదు.

"మరి నా బిడ్డకు?" అన్నాను.

"ఆ తేడా వచ్చి ఉండొచ్చు, రాకపోవచ్చు. జీన్ ఒక్కటే జబ్బు తేదు, దుమ్ము కూడా తోడవ్వాలి. దుమ్మును ఆపడం మీ చేతిలో ఉంది."

ఇప్పుడు పది అడుగులకోసారి ఆగి నడుస్తున్నాను. మా ఇంట్లో ఏటా ఆడపిల్లను డ్రమ్ము దగ్గరే నిలబెట్టి, తొలిసారి రాలిన పొడిని చెంపలకు రాస్తారు. నాకు బాపు రాసేవాడు. మొన్న నా బిడ్డ స్వప్న తనే డ్రమ్ము వైపు నడిచింది.

"పోకు" అన్నాను.

"ఒక్కసారికి ఏమైతదే అమ్మా?"

చెప్పడానికి ఊపిరి చాలలేదు. తమ్ముడు వచ్చి డ్రమ్ము ఆపేదాకా స్వప్న చెయ్యి వదల్లేదు.

డాక్టర్ దగ్గరికి పోతే మీరు చేసే పని చెప్పండి, మీ పెద్దలు ఎట్లా పోయారో కూడా చెప్పండి. మేము బాపు గ్లాసును వేరు చేశాం. ఆయన్ను దుమ్ము నుంచి వేరు చేయాలని ఎవరికీ తోచలేదు.