ఏడు శాల్తీలు, ఒక చెంబు

మా అత్తగారి ఊళ్లో నన్ను మొండిదని ఇప్పటికీ చెప్పుకుంటారు. చెప్పుకోనివ్వండి. ఆ పేరు నాకు ఊరికే రాలేదు, కష్టపడి సంపాదించుకున్నాను.

అరవైల చివరి మాట. నవీపేటకు నాలుగు మైళ్ల దూరంలో మా అత్తగారిల్లు. పసుపు, వరి పండించే కాపుదనం. మా ఆయన మిలిటరీలో నాయక్. పెళ్లయి నాలుగేళ్లయినా మేము కాపురం చేసింది ఆయన సెలవుల్లోనే. ఏడాదికోసారి వచ్చేవాడు. నాకు ఆయన ముఖం అలవాటయ్యేలోపు మళ్లీ ట్రంకు పెట్టె సర్దుకునేవాడు. మిగతా పది నెలలూ నేను కాపురం చేసింది కలుపుతో, పశువులతో, పసుపు మడులతో.

ఆ మాఘమాసంలో ఉత్తరం వచ్చింది. జబల్పూర్‌లో క్వార్టరు ఇచ్చారు. ఒక గది, ఒక వంటిల్లు, వెనుక నల్లా. ముప్పై రోజుల్లో కుటుంబం వచ్చి చేరకపోతే అది వరసలో తర్వాతి జవానుకు పోతుంది. పోతే మళ్లీ ఎన్నేళ్లకో. ఆయనకు ఊరి దాకా వచ్చేంత సెలవు లేదు. రైలు వారంటు పంపుతున్నాననీ, మన్మాడ్ దాకా నేనొస్తే అక్కడ బండి మార్చేచోట తాను నిలబడి ఉంటాననీ రాశాడు. కింద పరేడు చేయించినట్టు హుకుములు: సామాను ఏడు శాల్తీలకు మించవద్దు. ప్రతిదాని మీద తెల్లరంగుతో తన నంబరు, ఏడింటిలో ఎన్నోదో రాయాలి. రాళ్లూ రప్పలూ వద్దు.

రాళ్లంటే నా ఇసుర్రాయి అని నాకు అర్థమైంది. పట్టుకెళ్లే సామాను పట్టీలో మొదట రాసుకున్నది దాన్నే. జొన్నపిండి నేను ఇసురుకోకపోతే అక్కడ మిలిటరీ వాళ్లు ఇసిరి పెడతారా?

ఇక్కడ మా మామ సంగతి చెప్పాలి. ఆయన నాతో నేరుగా మాట్లాడేవాడు కాదు. ఇది కోపం కాదు, ఆ కాలపు మర్యాద. నేను ఎదురుగా నిలబడి ఉన్నా, "నీ కోడలికి చెప్పు" అని అత్తతో అనేవాడు. అత్త నా వైపు తిరిగి అదే మాట అనేది. నా జవాబు మళ్లీ అత్త నోటి మీదుగానే వెళ్లేది. నాలుగేళ్లలో అత్త తన సొంత మాట ఒకటి అనగా నేను వినలేదు. ఆమె ఆ ఇంటికి తంతి ఆఫీసు.

ఉత్తరం చదివించుకుని మామ అన్నాడు: "నీ కోడలికి చెప్పు. వచ్చే గురువారం నుంచి మూఢం. రెండు నెల్లు పయనాల్లేవు. గప్పటిదాంక పసుపు పని గూడ ఒడుస్తది."

ఆయనకు మూఢం కంటే పసుపే ముఖ్యమని నాకు తెలుసు. తవ్వకం మొదలైంది. కొమ్ములు విరవాలి, కడాయిల్లో ఉడకబెట్టాలి, ఆరబెట్టాలి. రెండు చేతులు తగ్గితే ఒక కూలిమనిషి పెరుగుతుంది.

"బుధవారమే పోతనని చెప్పు అత్తా," అన్నాను.

"మొగతోడు లేకుంట ఎట్ల పోతది? నలుగురేమంటరు?"

"నలుగురు నాకు కోటరిస్తరా? అడుగు అత్తా!"

అత్త ఈ మాట మాత్రం అందించలేదు. అందించే అవసరమూ లేదు, వాడకట్టంతా వినపడింది.

తగవు పంతులు దాకా పోయింది. ఆయన మధ్యేమార్గం చెప్పాడు: పరస్థానం పెట్టండి. మంచిరోజున మనిషి కదలలేకపోతే, ఆ మనిషి సామాను ఒకటి గడప దాటించి, పోయే దిక్కున వేరే వాళ్లింట్లో పెడతారు. పయనం ఆ రోజే మొదలైనట్టు లెక్క. ఆ తర్వాత మనిషి మూఢంలో కదిలినా దోషం లేదు. మామ ముఖం వికసించింది. ఒక మూట పక్కింట్లో పెట్టించి నన్ను ఊరుకోబెట్టవచ్చు, పసుపు దించుకున్నాక చూసుకోవచ్చు. వెంటనే ఒప్పుకున్నాడు.

ఒక మూట అని పంతులు చెప్పలేదు, నేనూ అడగలేదు.

మూడు రోజులు నడి వాకిట్లో సర్దాను. దొంగలా మూల కూర్చుని కట్టలేదు. మామ చూసినా, మూఢం పోయాక చేసే పయనానికే అనుకున్నాడు. పుట్టింటి ఇత్తడి గిన్నెలు ఒకదాంట్లో ఒకటి పెట్టి, మధ్యన వరిగడ్డి కూరి, గోనెసంచిలో వేసి దబ్బనంతో కుట్టాను. మామిడి తొక్కు జాడీకి పాత చీర రెండు చుట్లు చుట్టాను. బొంతతో కలిపి పరుపు చుట్ట, కిరసనాయిలు స్టవ్వు, కందిపప్పు డబ్బా, ట్రంకు పెట్టె. ఏడోది ఇసుర్రాయి. వాడకట్టు ఆడవాళ్లు వచ్చి చూసి, "రాయి గూడనా!" అని నోళ్లు నొక్కుకున్నారు. తెల్లరంగు డబ్బా తెచ్చుకుని నంబరు నేనే రాశాను. అయిదో తరగతి చదువు ఆ రోజు పనికొచ్చింది.

బుధవారం పొద్దున మామ మడి దగ్గర ఉండగా ఏడింటినీ కిరాయి బండిలో ఎక్కించి, నేనూ ఎక్కి నిజామాబాద్ వెళ్లాను. స్టేషను దగ్గర మా ఇంటి బట్టలు కుట్టే దర్జీ ఇల్లు ఉంది. ఆయన భార్యను పిన్ని వరసలో ఖాలా అనేదాన్ని. బండి చూసి ఆమె నడుం మీద చేతులు పెట్టుకుంది.

"పరస్థానమంటే ఒక్క మూట గాదు బేటీ? ఇల్లంత తెచ్చినవ్!"

"ఇల్లే పోతున్నది ఖాలా," అన్నాను.

నవ్వి, కుట్టుమిషను జరిపి మరీ చోటిచ్చింది. అక్కడి నుంచి తపాలాఫీసుకు పోయి, మా ఆయన మన్మాడ్ చేరడానికి వ్యవధి ఉండేలా, శనివారం బయలుదేరుతున్నానని తంతి ఇచ్చాను. అదే కిరాయి బండిలో ఇంటికి తిరిగి వచ్చాను. భయం వేయలేదని అబద్ధం ఎందుకు చెప్పాలి? చాలా భయం వేసింది. కానీ క్వార్టరు పోతుందన్న భయం ఇంకా పెద్దది.

ఆ సాయంత్రం మామ వంటింట్లో నా మూల ఖాళీగా ఉండడం చూశాడు. గురువారం పొద్దున్నే ఎద్దులను బండికి కట్టాడు.

"నీ కోడలికి చెప్పు. సామాను మర్ల తెస్తున్న."

నేను అత్త వైపు చూశాను. సామాను ఇల్లు చేరితే ఇక నేనూ కదలనని నాకు తెలుసు.

అత్త నా వైపు తిరగలేదు. వాకిలి దిగి, పోయి ఎద్దుల ముందర నిలబడింది.

"పరస్థానం పెట్టిన సామాను ఇంటికి మర్లద్దు. అయిదు దినాలల్ల మనిషే పోవాలె."

"ఎవలు జెప్పిన్రే?"

"ఎవలో జెప్పాల్నా? బోధన్ ఫ్యాక్టరీల పనిజేసిన్నాడు నీకు కోటరిచ్చిన్రు. మీ అవ్వ, నా అత్త, పరస్థానం పెట్టుమన్నది, పెట్టిన. మూడోనాడు నా మూట మర్ల తెప్పిచ్చింది, కోతలున్నయని. నువ్వు మాట్లాడలే. నేనూ మాట్లాడలే. ఇరవై రెండేండ్లాయె. నా కోడలి పెట్టె మాత్రం మర్లది."

మామ పగ్గాలు బండి మీద పడేశాడు. నాకైతే ఆయన కంటే అత్తను చూస్తే ఆశ్చర్యం. ఆమె గొంతు అంత గట్టిగా ఉంటుందని నాకు తెలియదు. ఆయనకూ తెలియనట్టే ఉంది. చివరికి ఎద్దులను విప్పాడు.

"నీ కోడలికి చెప్పు," అన్నాడు, నేలను చూస్తూ. "శనివారం బండి నేనే కడతనని."

శుక్రవారం అత్త గింజలు పోసే గుమ్మి వెనుక నుంచి ఒక పాత మూట తీసింది. బియ్యం ఎప్పుడో పురుగు పట్టి పొట్టయిపోయింది. రవికె గుడ్డ మడతల్లో చీలింది. గట్టిగా ఉన్నది ఒక రాగి చెంబు. చింతపండుతో తోమి నా చేతిలో పెట్టింది.

"ఇది ఒక్కసారి గడప దాటి మర్ల వచ్చింది. ఈసారన్న పోనీ."

"ఆయన ఏడే అన్నడు అత్తా."

"వాన్కి నేను చెప్పిన్నని చెప్పు."

శనివారం స్టేషనులో మామ ఏడు శాల్తీలూ తానే మోసి ఎక్కించాడు. ఇసుర్రాయి మోసేటప్పుడు నాకేసి చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. చెంబు నా ఒళ్లోనే ఉంది. మన్మాడ్‌లో మా ఆయన ప్లాట్‌ఫారం మీద నిలబడి సామాను లెక్కపెట్టాడు. ముందు రాయిని చూశాడు, తర్వాత చెంబును. నేను నోరు తెరిచేలోపే, "అవ్వదా?" అన్నాడు.

జబల్పూర్‌లో తాళం తీసి మొదట లోపల పెట్టింది దాన్నే. వారం తిరక్కుండా కార్డు వచ్చింది, అత్త ఎవరిచేతనో రాయించింది. నేను చేరానా, తిన్నానా, తన కొడుకు ఎలా ఉన్నాడు, ఏమీ అడగలేదు. ఒకటే వాక్యం: "చెంబు చేరిందా?"

నల్లా నీళ్లు నింపి దాన్ని ముందు పెట్టుకుని జవాబు రాశాను. "చేరింది అత్తా. మర్ల రాదు."